గిల్టు వెయ్యబోయిన పిస్తోలు

ఈమధ్య నాకు ఫోన్లు చేసే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. "మేడమ్, పాత మిలిటరీ పిస్తోలు ఒకటి దొరికింది. ఇదే నా మొదటి పీసు. కొనమంటారా?" అని అడుగుతారు. ముందుగా ఫోటో పంపుతారు. ఆ ఫోటోలో పిస్తోలు ఎప్పుడూ వాళ్ళ చేతిలోనే ఉంటుంది. గొట్టం మూతి వాళ్ళ పొట్టవైపో, పక్కన కూర్చున్న పెళ్ళాం మొహంవైపో ఉంటుంది. అది చూడగానే నాకు ఒళ్ళు మండిపోతుంది. "ముందు దాన్ని కింద పెట్టు నాయనా, తర్వాత మాట్లాడుకుందాం" అంటాను. "ముత్తాతల కాలం నాటిది మేడమ్, చచ్చిన సరుకు" అని నవ్వుతారు. ఆ నవ్వు వింటే ఫోన్లోంచి చెయ్యి పెట్టి చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

నేనేమీ పుట్టుకతో తుపాకుల మనిషిని కాను. గూడూరు పక్కన పల్లెలో, ఆదివారం గుడికి వెళ్ళడం తప్ప వేరే షికారు తెలియని ఇంట్లో పుట్టాను. నర్సు చదువు చదివి, బందరులో ఒక ఆసుపత్రి క్యాజువాల్టీలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక గుడివాడలో స్థిరపడ్డాను. క్యాజువాల్టీలో నేను చూసినంత రక్తం మా పల్లెలో మాంసం కొట్టువాడు కూడా చూసి ఉండడు. చేపల చెరువు గట్టు దగ్గర కొడవళ్ళతో నరుక్కున్న అన్నదమ్ములు ఒకే ఆటోలో వచ్చారొకసారి. తమ్ముడి చెవి అన్న చొక్కా జేబులో ఉంది. కుట్టిస్తారేమోనని నరికినవాడే ఏరి దాచాడట. "ఏవండీ, అతుకుతుందాండీ?" అని నన్ను బతిమాలుతూ, ఆ పక్క స్ట్రెచర్ మీద ఉన్న తమ్ముణ్ణి మళ్ళీ కాలితో తన్నబోయాడు. పలుగుతో పుర్రె పగిలినవాళ్ళూ, కట్టుకున్నవాడు పీటతో కొడితే దవడ జారిన ఆడవాళ్ళూ, వీళ్ళందరి మధ్యా నా వయసంతా గడిచిపోయింది.

అందుకే నాకీ పిచ్చి పట్టిందేమో అని మా ఆయన అంటారు. కావచ్చు. చేతికి దొరికిన ప్రతి వస్తువుతోనూ మనిషి మనిషిని కొట్టడం చూసి చూసి, ఇక ఎవర్నీ ఏమీ చెయ్యలేని ఆయుధం ఒకటి నా ఇంట్లో ఉండాలనిపించింది. కోరలు పీకిన పాముని చూసినట్టు దాన్ని తీరిగ్గా కూర్చుని చూడాలనిపించింది. పుస్తకాలు తెప్పించుకుని చదివాను. పాత వస్తువుల అంగళ్ళు తిరిగాను. అప్పుడు తెలిసింది, బంగారం కాని దానికి బంగారపు మెరుగు పెట్టగలిగిన మా బందరు వాళ్ళు, కొత్త ఇనుముకి పాత తుప్పు కూడా అంతే అందంగా పట్టించగలరని. ఒకాయన నాకు చూపించిన 'కంపెనీ కాలపు' పిస్తోలు మరలకి స్క్రూడ్రైవర్ గాట్లు నిన్న పెట్టినట్టు తళతళలాడుతున్నాయి. "ఇది కంపెనీదే బాబూ, మీ కంపెనీది" అని చెప్పి వచ్చేశాను.

నిజమైనది నాకు దివిసీమలో దొరికింది. నాగాయలంక అవతల పల్లెలో ఒక పెద్దాయన. గేదె పొడిస్తే పక్కటెముకలు విరిగి మా ఆసుపత్రిలో కొన్నాళ్ళున్నాడు. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. నా పిచ్చి సంగతి విని, "మా అటక మీద ఒకటి ఉందండీ సిస్టర్ గారూ! మా ముత్తాత గుర్రప్పటాలంలో పనిచేసి తెచ్చుకున్నాడంట. మీకంటే మంచి చెయ్యి దానికి దొరకదు, మీకే ఇస్తాను" అన్నాడు. రిటైరైన తర్వాత ఒకరోజు చల్లపల్లిలో బస్సు మారి వాళ్ళ ఊరు వెళ్ళాను.

రేకు పెట్టెలో, నూనెగుడ్డల మధ్య, పొడిగా ఉంది. బరువైన ఇనుప గొట్టం, ముదురు చెక్క పిడి, పిడి చివర ఇత్తడి తొడుగు. మందూ గుండూ మూతిలోంచి కూరి, వెనక ఒక చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే రకం. టోపీ ఎప్పుడో ఊడిపోయింది. చెక్కకీ ఇనుముకీ మధ్య వెంట్రుక దూరనంత బిగువు. మరలన్నీ ఒకేలా నల్లబడి ఉన్నాయి. గొట్టం మీద ఉన్న గుర్తూ, పక్కపలక మీద ఉన్న గుర్తూ ఒకే చేతి పని. దొంగ సరుకులో ఇవన్నీ ఒకదానితో ఒకటి కుదరవు. మీరూ కొనేటప్పుడు ముందు చూడాల్సినవి ఇవే. మెరుపు చూడకండి, కుదురు చూడండి.

ఆ ఇంటి గోడ మీద పెళ్ళి ఫోటోలు వరసగా ఉన్నాయి. ప్రతి ఫోటోలోనూ ఆ పిస్తోలు ఉంది. పెళ్ళికూతురి అన్నదమ్ముల్లో ఒకడు దాన్ని పెళ్ళికొడుకు కణతకి ఆనించి పట్టుకుంటాడు, అందరూ పళ్ళు బయటపెట్టి నవ్వుతుంటారు. ఆ ఇంటి ఆచారమట అది. "మా పిల్లని సరిగ్గా చూసుకోకపోతే ఇదే గతి అని బావగారికి చెప్పడమండీ" అని బాబాయ్ పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

అప్పటికి నాకు తెలిసిన సలహా ఒక్కటే, అదే చెప్పాను. "బాబాయ్ గారూ, దీన్ని తోమకండి, రుద్దకండి, చింతపండు పెట్టకండి. ఆ నలుపే దాని వయసు. ఆ నలుపు పోతే దీని విలువ పోయినట్టే. ఇలాంటిది ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్సు కావాలో అక్కర్లేదో అధికారుల్ని అడిగి కాగితం మీద తెచ్చుకుంటాను. అప్పుడు వచ్చి తీసుకెళ్తాను" అన్నాను. "అట్టాగేనండీ, మీరెట్టా అంటే అట్టా" అని తల ఊపాడు.

మా కృష్ణాజిల్లా మర్యాద మీకు తెలియకపోతే ఇక్కడే తెలుసుకోండి. మర్యాద ఉన్నవాడు 'అట్టాగే' అంటాడు గానీ, ఇంట్లోంచి వస్తువు బయటికి పంపేటప్పుడు దాన్ని మాసినట్టు పంపడానికి వాడికి ప్రాణం ఒప్పదు. గేదెను అమ్మినా కొమ్ములకి నూనె రాసి అమ్ముతారు. పాత సైకిల్ ఇచ్చినా టైర్లకి నల్లరంగు పూసి ఇస్తారు. పైగా ఆ పెద్దాయన మేనల్లుడు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పనివాడు. ఇంకేం కావాలి!

కాగితాల పని ఇంకా నడుస్తుండగానే ఒకరోజు ఫోను వచ్చింది. "సిస్టర్ గారూ, రేపు పొద్దున బందరు వచ్చెయ్యండి. మీ వస్తువుని చిలకలపూడిలో మా మేనల్లుడి దగ్గర పెట్టాను. గొట్టానికి గిల్టు వేయిస్తున్నా. మీరు చూస్తే గుర్తుపట్టలేరనుకోండి!"

"ఓరి దేవుడా! వద్దు బాబాయ్ గారూ, చెయ్యి పెట్టనివ్వకండి!" అని అరిచాను. "అయ్యో, తుప్పుతో ఇస్తే మా పరువేం కావాలండీ? మీరు రండి, మీకెందుకు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. తెల్లారగానే గుడివాడలో బస్సెక్కాను. దారి పొడుగునా ఆ ముసలాయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. అప్పటికి నా భయమంతా ఆ నలుపు గురించే. మనుషుల గురించి భయపడాలని నాకు తట్టలేదు.

పనిషెడ్డు రోడ్డు మీదికే తెరుచుకుని ఉంది. లోపల ఆసిడ్ వాసన, రాగితీగల చుట్టలు, మేకులకి వేలాడుతున్న గొలుసుల గుత్తులు. మేనల్లుడు కింద పీట మీద కూర్చున్నాడు. ముప్పై దాటి ఉండవు. వెంట్రుకంత తీగని మెలితిప్పి జడగొలుసు అల్లగల వేళ్ళు అతనివి. చుట్టుపక్కల ఆ పని అలా చేసేవాళ్ళు లేరని బాబాయ్ ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేవాడు. ఆ ఇంటికి వచ్చే తిండి ఆ కుడిచేతి వేళ్ళనుంచే వచ్చేది. పిస్తోలు అతని ముందు ఇనుప దిమ్మ మీద మూతి పైకి వాల్చి ఉంది. చెక్కపిడి విప్పి పక్కన పెట్టాడు. గొట్టం వెనకభాగం మీద గ్యాస్ మంట పెట్టి అప్పుడే తీశాడు.

"ఆపండి!" అన్నాను గుమ్మంలోంచే.

అతను తలెత్తి నవ్వాడు. "రండక్కా. అయిపోయిందిలే. వెనక మర తుప్పు పట్టి బిగుసుకుపోయింది, కాస్త వేడి చూపించా. లోపల బోలెడు మట్టి కూరుకుపోయి ఉంది. అది తీసేస్తే గిల్టు లోపలిదాకా పడుద్ది" అంటూ, కుడిచేత్తో ఒక తీగ పుచ్చుకుని గొట్టం మూతిలోకి పొడిచాడు. బాబాయ్ పక్కన నుంచుని గర్వంగా నావైపు చూస్తున్నాడు.

ఆ లోపలున్నది మట్టి కాదు.

చప్పుడు వినలేదు నేను. చెవుల్లో ఏదో మూతపడినట్టయింది, అంతే. షెడ్డంతా తెల్లటి పొగ నిండిపోయింది. పైన రేకు చిల్లిపడి అందులోంచి ఎండ దిగుతోంది. పొగ కాస్త విడిపోయేసరికి అతను అదే పీట మీద, అదే భంగిమలో కూర్చుని తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. చూపుడువేలూ మధ్యవేలూ లేవు. అవి ఉండాల్సిన చోట తెల్లటి ఎముక కొనలు, వాటి చుట్టూ మసి. ఒక క్షణం రక్తం కూడా రాలేదు. తర్వాత వచ్చింది, మోటారు వేసిన బోరులా చిమ్ముకుంటూ వచ్చింది.

నేను అతని మీద పడి మణికట్టు నాడి నొక్కి పట్టుకున్నాను. చీర కొంగు చింపి, తీగచుట్టలోంచి కడ్డీ ఒకటి లాగి, దానితో మెలితిప్పి కట్టు బిగించాను. అతను అప్పటికి గాని అరవలేదు. అరిచిన తర్వాత ఇక ఆపలేదు.

పక్క షెడ్డులోంచి వాళ్ళన్న పరిగెత్తుకొచ్చాడు. బలమైన మనిషి, చేతిలో సుత్తి ఉంది. తమ్ముడి చేతిని చూశాడు, నేల మీద పొగలు కక్కుతున్న గొట్టాన్ని చూశాడు, గోడకి అంటుకుపోయి వణుకుతున్న మేనమామని చూశాడు.

"ఒరేయ్ ముసలోడా! లోడు చేసిన తుపాకీ తెచ్చి నా తమ్ముడి చేతిలో పెడతావా!"

సుత్తి వదిలేశాడు, అంతవరకు దేవుడు మేలు చేశాడు. పక్కనున్న ఇంకో పీట ఎత్తి కొట్టాడు. భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు ఆ అరుపుల మధ్య కూడా నాకు స్పష్టంగా వినిపించింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. ముసలాయన ఆసిడ్ తొట్టి పక్కకి ఒరిగిపోయాడు. అన్న ఆయన గుండెల మీద తన్నాడు, జుట్టు పట్టి తల నేలకేసి కొట్టాడు. ముసలాయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. "మట్టి అనుకున్నాన్రా అయ్యా! మీ అమ్మ పెళ్ళిలో మీ నాన్న కణతకి నేనే పెట్టాను కదరా దాన్ని! నాకేం తెలుసురా!" అని ఏడుస్తూ తన్నులు తింటున్నాడు. రోడ్డు మీద జనం మూగారు. ఒక్కడు లోపలికి రాలేదు. ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, దరిద్రపు మొహాలు.

కట్టు సడలకుండా నా రెండు చేతులూ ఆ మణికట్టు మీదే ఉన్నాయి. వదిలితే ఇక్కడ ప్రాణం పోతుంది. వదలకపోతే అక్కడ పోయేలా ఉంది. కాలు ఒక్కటే ఖాళీగా ఉంది. చెప్పు కాలితో ఆ పెద్దాడి తొడ మీద ఈడ్చి తన్నాను.

"ఒరేయ్ దున్నపోతా! నీ తమ్ముడు చచ్చిపోతున్నాడు ఇక్కడ! ముందు వీడి చెయ్యి పట్టుకో, తర్వాత తీరిగ్గా ఆయన్ని చంపుదువుగాని!"

అతను నన్ను కొడతాడనే అనుకున్నాను. చెయ్యి లేచింది కూడా. ఆ లేచిన చెయ్యి అలాగే వచ్చి తమ్ముడి మణికట్టు మీద పడింది. నేను చూపించిన చోట నొక్కి పట్టుకుని, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

నేను మోకాళ్ళ మీద పాకుతూ వేళ్ళ కోసం వెతికాను. అల్లి పక్కన పెట్టిన గొలుసుల కుప్పలో ఒకటి దొరికింది, గోరుతో సహా. కడిగి, తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, సోడా కొట్టువాణ్ణి తిట్టి ఐసు తెప్పించి అందులో పెట్టాను. రెండోది పూర్తిగా నలిగిపోయి రేకుకి అంటుకుంది. ఆటోలో ఒకపక్క అతను, ఒకపక్క మేనమామ, మధ్యలో నేను.

దొరికిన వేలు అతకలేదు. మాడిపోయింది, కుట్టడానికి లోపల ఏమీ మిగల్లేదన్నారు డాక్టరు గారు. ఆ మాట అతనికి నేనే చెప్పాను. "బొటనవేలు ఉందిగా అక్కా?" అన్నాడు. ఉందన్నాను. "మరి తీగ దేంతో పట్టుకోవాలి?" అన్నాడు. ఆ మంచం పక్కనే నిలబడి ఏడ్చేశాను. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ అలా ఎప్పుడూ ఏడవలేదు.

అప్పుడర్థమైంది నాకు. ఆ పటాలం ముత్తాత మందూ గుండూ కూరి ఎందుకో పేల్చకుండా అటక మీద పెట్టాడు. పొడిగా ఉన్న నల్లమందుకి వయసుతో పని లేదు. చిన్న రాగి టోపీ ఊడిపోయి ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ గోడ మీద నవ్వుతున్న పెళ్ళికొడుకుల్లో ఎవడో ఒకడి తల పందిట్లోనే పగిలిపోయేది. అందుకే అబ్బాయిలూ, గుర్తులూ మరలూ తర్వాత చూద్దురు గాని. ముందు ఒక చెక్కపుల్ల తీసుకోండి. మూతికి ఎదురుగా నిలబడకుండా, చెయ్యి పక్కనుంచి పెట్టి, పుల్లని మెల్లగా లోపలికి జార్చి అడుగు తగలగానే మూతి అంచు దగ్గర పుల్ల మీద గుర్తు పెట్టండి. ఆ గుర్తు మూతి దగ్గరే ఉండేలా పుల్లని గొట్టం బయట ఆనించి చూడండి. వెనక చివరిదాకా రాకుండా ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఇక పొడవొద్దు, కాల్చొద్దు, కెలకొద్దు. అక్కడే వదిలేసి, ఈ పని తెలిసినవాళ్ళనో పోలీసుల్నో పిలవండి.

గొట్టాన్నీ, మిగతా ముక్కల్నీ పోలీసులు తీసుకెళ్ళారు. ప్రశ్నలు వేశారు, పరీక్షలు చేయించారు. అది లైసెన్సు అక్కర్లేని పాత రకమని, ఎవరూ కావాలని చేసింది కాదని తేల్చి, చాలాకాలానికి తిరిగి ఇచ్చారు. బాబాయ్ దాన్ని సంచిలో వేసుకుని, అతుక్కోని భుజాన్ని ఈడ్చుకుంటూ గుడివాడలో మా ఇంటికి వచ్చాడు.

"ఊరికే తీసుకోండి సిస్టర్ గారూ. నా ఇంట్లో ఉంచుకోలేను."

తీసుకుని చూశాను. గొట్టం వెనక మంట మరక తప్ప, అంతా అలాగే ఉంది. అబద్ధం ఎందుకు, నా చేతులు దాన్ని వదలనన్నాయి. "మీ మేనల్లుడు ఏమన్నాడు?" అని అడిగాను. ఆయన తల దించుకున్నాడు. ఆనాటినుంచి ఆ గుమ్మం తొక్కలేదట. "అయితే పదండి, ముందు అక్కడికే" అన్నాను.

అన్నదమ్ములిద్దరూ షెడ్డులోనే ఉన్నారు. అన్న పని చేస్తున్నాడు, తమ్ముడు ఊరికే కూర్చుని ఉన్నాడు. మేనమామని చూసి అన్న లేవబోతే తమ్ముడు వద్దన్నట్టు తల ఊపాడు. నేను సంచి కింద పెట్టి, మావయ్య దాన్ని నాకు ఇచ్చేస్తానన్న విషయం చెప్పాను. అతను ఎడమచేత్తో పిస్తోలు బయటికి తీసి, ఒడిలో పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఇది మీది కాదక్కా" అన్నాడు. "మావయ్యదీ కాదు. దీనికి నేనిచ్చినంత ఇంకెవరూ ఇవ్వలేదు. ఇది నాది."

నేను ఖాళీ సంచి మడిచి పక్కన పెట్టాను.

"అన్నా, మంట వెలిగించు" అన్నాడు. ఆగమని చెప్పి, పుల్ల తెచ్చి ముందు గొట్టం లోపల చూశాను. ఖాళీ. అన్న చెక్కపిడి ఊడదీసి గొట్టం మీద మంట పెట్టాడు. నలుపు ఎర్రబడింది, నేను అంతగా కాపాడాలనుకున్న నలుపు. తమ్ముడు ఎడమచేత్తో సుత్తి అందుకున్నాడు. గొట్టాన్ని దిమ్మ మీద పట్టుకోవడానికి అతని కుడిచేతికి పట్టు లేదు. అన్న చేతిలో మంట ఉంది. బాబాయ్ భుజం పైకి లేవదు. పట్టకారు నేనే తీసుకున్నాను.

మొదటి దెబ్బ దిమ్మ మీద పడింది. రెండోది నా పట్టకారు మీద పడి మోచేతిదాకా జివ్వుమంది. పళ్ళు కొరుకుతూ, బూతులు తిడుతూ, కన్నీళ్ళు కారుస్తూ కొట్టాడు. కొట్టగా కొట్టగా దెబ్బ గొట్టం మీద పడటం మొదలైంది. మూతి మూసుకుపోయింది. ఇష్టపడి వెతుక్కున్న వస్తువు నా చేతుల్లోనే ముద్దైపోతోంది. అయినా పట్టు వదల్లేదు.

రొప్పుతూ ఆగి, ఎడమచేతిని తిప్పి చూసుకున్నాడు. "అక్కా, మీరు నర్సు కదా, నిజం చెప్పండి. దీంతో మళ్ళీ గొలుసు పని చెయ్యగలనా?"

"లేదు తమ్ముడూ" అన్నాను. "గొలుసు పని ఇక రాదు. సుత్తి పని వస్తుంది."

అతను ఎడమచేతి చెమట చొక్కాకి తుడుచుకున్నాడు. బాబాయ్ వెనక ఎక్కడో వెక్కుతున్నాడు.

"అయితే గట్టిగా పట్టుకోండక్కా" అని సుత్తి ఎత్తాడు.